శ్రీ, చుక్క, ఆ తరవాత దెబ్బలు

మా అయ్యవారు పోయారన్న కబురు నా దగ్గరికి వరసలో నిలబడి వచ్చింది. ఆత్మకూరు తాలూకా కచేరీలో అది అర్జీలు తీసుకునే రోజు. వాకిలి నిండా జనం. నేను బల్ల వెనక కూర్చుని ఒక్కొక్కరినే పిలుస్తున్నాను. ఇంతలో ఒక ముసలి బండివాడు అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చాడు. నాకు అసలే ఒళ్ళు మండిపోతోంది. "ఏందయ్యా, వీళ్ళంతా నీ కంటికి ఆనడంలా? పోయి వెనక నిలబడు" అని కసిరాను. ఆయన నా మొహంకేసి ఒకసారి చూసి, పోయి ఆఖరున నిలబడ్డాడు. ఎండ నడినెత్తి మీదికి వచ్చాక ఆయన వంతు వచ్చింది. నేను తల ఎత్తకుండానే అర్జీ కోసం చెయ్యి చాపాను.

"అర్జీ ఏం లేదు సామీ. ఉదయగిరినించి వస్తా ఉండా. మీ అయ్యవారు మొన్న పొద్దున పోయినారు. అమ్మగారు మీకు చెప్పి రమ్మన్నారు."

"ఆ మాట ముందే చెప్పకూడదా?" అన్నాను.

"చెప్దామనే గదా ముందుకొచ్చినాను. వరసలో నిలబడమంటిరి" అన్నాడాయన. ఆ మాటలో కోపం లేదు, ఎగతాళి లేదు. ఉంటే కొంచెం బాగుండేది.

అప్పటినించి నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవబుద్ధవుతుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచదు. ఇది రాయడానికి కూర్చుని ఇప్పటికి నాలుగుసార్లు లేచాను. ఆయన వీధిబడి అయ్యవారు, పేరూ బిరుదూ ఉన్నవాడు కాదు. ఉదయగిరి కొండ కింద ఒక పూరిపాకలో ముప్పై ఏళ్ళపాటు పిల్లల చేత ఇసకలో అక్షరాలు దిద్దించాడు. ఆయన మాకు ఎక్కాలూ గుణింతాలూ నేర్పాడంటే ఎవరూ కాదనరు. రాజనీతి నేర్పాడంటే మాత్రం నవ్వుతారు. నవ్వండి, కానీ కడదాకా చదవండి.

ఎందుకంటే ఉదయగిరిలో ఇవాళ్టికీ ఆయన పేరు చెబితే, "ఆ ముసల్దాని ఉసురు పోసుకున్న అయ్యవారా?" అనేవాళ్ళున్నారు. అది తప్పు. తప్పని తెలిసినవాణ్ణి నేను. రెండేళ్ళుగా నోరు మూసుకుని కచేరీలో ఉద్యోగం చేసుకుంటున్నాను. ఆయన ఉండగా చెప్పాల్సిన మాట పోయాక చెబుతున్నాను, అదీ నా వరస.

మొదటినించి చెప్పుకురావాలి. వీధిబళ్ళో చదివినవాళ్ళకు శ్రీ, చుక్క సంగతి తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పొద్దున బడికి అందరికన్నా ముందొచ్చినవాడి అరచేతిలో అయ్యవారు బెత్తం కొసతో శ్రీ రాస్తారు. రెండోవాడి చేతిలో చుక్క పెడతారు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరవాతివాడికి మూడు. ఇలా పెరుగుతూ పోయి, ఆఖరున వచ్చినవాడికి పడేది వాడికీ బెత్తానికీ మాత్రమే తెలుస్తుంది. మా ఇల్లు బడి పాకకు ఎదురుగా ఉండేది. నేను నిద్ర లేచి కళ్ళు నులుముకుంటూ వీధి దాటితే చాలు, శ్రీ నాదే. ఆ రాయని రాత చేతిలో కనపడదు గాని, నేను మాత్రం మధ్యాహ్నందాకా పిడికిలి విప్పేవాణ్ణి కాదు.

సీతారామపురం దారిలోని కొండపల్లెలనించి వచ్చేవాళ్ళు ముగ్గురు నలుగురు ఉండేవాళ్ళు. వాళ్ళు చీకట్లో బయల్దేరినా బడికి చేరేసరికి మేము సగం ఎక్కాలు అప్పజెప్పేసేవాళ్ళం. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు కూడా వాళ్ళ చేతులు ఎర్రగానే ఉండేవి. వాళ్ళు బద్ధకస్తులని నేను మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణి. నాకెవరూ అలా చెప్పలేదు, నా చేతిలోని శ్రీయే చెప్పింది.

అయ్యవారికి ఒకచోట కూర్చునే అలవాటు లేదు. పాకలో ఈ చివరనించి ఆ చివరకు తిరుగుతూనే పాఠం చెప్పేవాడు. ఆయన పాదాల కింద మేము రాసిన అక్షరాలన్నీ చెరిగిపోయేవి. "అయ్యవారూ, నా ‘ఖ’ తొక్కేసినారు" అని ఎవడన్నా ఏడిస్తే, "మళ్ళీ రాయి, ఈసారి ఇంకా బాగొస్తాది" అనేవాడు. ఆలోచన తెగనప్పుడు ఎడమ చెవి తమ్మె పట్టుకుని లాగేవాడు. ఆ చెవి కుడిచెవి కన్నా పొడుగని మా అందరి నమ్మకం. ఆయనకు గిట్టని మాట ఒక్కటే, "అలాగే అయ్యవారూ." ఎవడన్నా అలా అంటే చాలు, ఆగిపోయి వాడి వైపు తిరిగేవాడు.

"అలాగే అని ఎందుకన్నావురా?"

"మీరు చెప్పినారని."

"నేను చెప్తే ఎందుకు వినాల?"

వాడు బెత్తం వైపు చూసేవాడు. "అదీ ఒక జవాబే" అని ఈయన మళ్ళీ నడక మొదలుపెట్టేవాడు. ఇంట్లోనూ ఇదే తంతు. విస్తరి ముందు కూర్చుని, ఇంటికి పెద్ద ఎవరు, ఎందుకు పెద్ద అని మొదలుపెడితే అమ్మగారు గరిటె పట్టుకుని నిలబడి, "ముందు తిని లేయండి, పెద్దెవురో తరవాత తేల్చుకుందాం" అనేది. అలా రోజూ అమ్మగారే పెద్దరికం తేల్చేసేది.

ఒక పొద్దున మమ్మల్ని కొండ మీది కోటకు ఎక్కించాడు. ఉదయగిరిలో పుట్టినవాడికి కోట అంటే మేకలు మేసే చోటు, అంతకు మించి ఏమీ లేదు. కూలిన బురుజు నీడలో మమ్మల్ని కూర్చోబెట్టి, ఆయన మాత్రం నిలబడే, "ఈడ ఎంతమంది ఏలినారో చెప్పండ్రా" అన్నాడు. మాకు వచ్చినంత మేరకు చెప్పాం. "వాళ్ళందరికీ కింద మన తాత ముత్తాతలు దణ్ణాలు పెట్టినారు. ఒకడు పోయి ఇంకొకడు వస్తే వాడికీ పెట్టినారు. ఎందుకు పెట్టినారు?"

పెట్టకపోతే తంతారని ఒకడన్నాడు. దొంగలు పడకుండా కాస్తారని ఇంకొకడన్నాడు. రాజంటే దేవుడి అంశ అని పురాణం చెప్పే వాళ్ళింటి పిల్లవాడు అన్నాడు. కొండపల్లెవాడొకడు గొణుగుతూ, "మా తాత పెట్టి ఉండడు, మా పల్లెకు ఏ రాజూ రాలా" అన్నాడు. అయ్యవారి మొహం వెలిగిపోయింది. ఒక్కొక్కడి జవాబునీ పట్టుకుని వదలకుండా పీకాడు. తంతాడనే అయితే, తన్నేవాడు నిద్రపోయినప్పుడు సంగతేమిటి? కాస్తాడనే అయితే, కాయకపోతే మానెయ్యొచ్చా? దేవుడి అంశే అయితే, ఓడిపోయినవాడిలోంచి ఆ అంశ ఎటు పోయింది? ఎండ ముదిరింది, మాకు దాహం వేసింది, ఒక్క జవాబు కూడా మిగల్లేదు.

"నువ్వేమీ చెప్పలేదేందిరా?" అన్నాడు నాతో.

"అందరూ పెడతా ఉండారు గదా అని పెట్టుంటారు అయ్యవారూ" అన్నాను.

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. "నువ్వు కచేరీలో బాగా పనికొస్తావురా" అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలనుకుని ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. అమ్మ కూడా మెచ్చుకోలే అనుకుంది. దిగి వచ్చేటప్పుడు ఆయన మాకు చెప్పిన మాట ఒకటి గుర్తుంది: "జవాబు దొరకలేదని దిగులు పడొద్దు. దండం పెట్టే ముందర ఒక్కసారి చేతుల వంక చూసుకుంటే చాలు, అదేరా రాజనీతి."

ఆయన అన్నట్టే నేను కచేరీ గుమాస్తానయ్యాను. ఉద్యోగం వచ్చిన సంగతి చెప్పడానికి వెళ్ళినప్పుడు కొంచెం పొగరుగానే అన్నాను: "అయ్యవారూ, ఇప్పుడు రాజులు లేరు, కోటలు లేవు. అంతా కాగితం మీద నడుస్తా ఉండాది. ఇంకా రాజనీతి ఎందుకు పిల్లలకి?"

ఆయన తిరుగుతున్నవాడల్లా ఆగాడు. "రాజు ఉన్నప్పుడు అది రాజు ఒక్కడికి ఉంటే సరిపోయేది. ఇప్పుడు కాగితం ఏలతా ఉండాది. కాగితానికి కళ్ళు లేవు, కడుపు లేదు. దాన్ని చదివి అమలు చేసే ప్రతివోడూ ఆ కాసేపు రాజేరా. అంటే ఇప్పుడు నీకు కావాల. మునుపటికన్నా ఇప్పుడే కావాల." నేను "అలాగే" అనబోయి నాలిక కరుచుకున్నాను. బయటికి వచ్చాక మాత్రం ముసలాయనకు చాదస్తం ముదిరిందనుకున్నాను.

తరవాత ధాత సంవత్సరపు కరువు వచ్చింది. దాన్ని గురించి నేను వర్ణించబోవడం లేదు, చూసినవాళ్ళకు అక్కర్లేదు, చూడనివాళ్ళకు చెప్పినా ఎక్కదు. మా పడమటి పల్లెల్లో పశువులు ముందు పోయాయి, తరవాత మనుషులు కదిలారు. సర్కారువారు ఉదయగిరి ఊరి వెలుపల గంజి పోసే దొడ్డి ఒకటి పెట్టించారు. చుట్టూ ముళ్ళకంచె, ఒకటే వాకిలి, లోపల పెద్ద గంగాళాలు. ఆ ఊరివాణ్ణని నన్ను ఆత్మకూరునించి పంపి, దొడ్డి వాకిలి నాకప్పజెప్పారు. చేతిలో ఒక బెత్తం కూడా పెట్టుకున్నాను, తొక్కిసలాట జరక్కుండా.

మొదటి రోజు అంతా గందరగోళం. రెండో రోజునించి పద్ధతి పెట్టాను. ముందొచ్చినవాడికి ముందు. గంగాళం అడుగంటితే వాకిలి మూసెయ్యడమే. ఏ కులం పంక్తి ఆ కులానికి వేరే ఉండేది, దాన్ని నేను ముట్టుకోలేదు, ముట్టుకోవాలని తోచనూ లేదు. ప్రతి పంక్తిలోనూ మాత్రం ముందొచ్చినవాడే ముందు. మోతుబరి ఇంటి పాలేరైనా సరే, దిక్కులేనివాడైనా సరే. ఎంత న్యాయంగా ఉందో అనుకున్నాను. గొడవలు సద్దుమణిగాయి. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

సీతారామపురం వైపునించి ఒక అవ్వ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చేది. ఆవిడ వచ్చేసరికి వాకిలి మూసేసి ఉండేది. మొదటి రోజు తిప్పి పంపాను. రెండో రోజు కంచె పట్టుకుని అడిగింది.

"నాయనా, తొలికోడి కూయకముందే బయల్దేరినాను రా. ఈ కాళ్ళు ఇంతకన్నా రావు."

"అందరికీ ఒకటే రూలు అవ్వా."

"ఆ రూలుకు కాళ్ళు ఉండాయా నాయనా?" అంది. నాకు కోపం వచ్చింది. ముసలివాళ్ళకు నోరెక్కువ అనుకున్నాను. ఆ పిల్ల నా బెత్తం వైపే చూస్తోంది.

ఆవిడ ఆ రోజు పల్లెకు తిరిగి పోలేదు. పోతే మర్నాడు మళ్ళీ ఆలస్యమవుతుందని కంచె పక్కనే ఉండిపోయింది. తెల్లవారి నేను వాకిలి తెరిచేసరికి వరసలో మొదట ఉన్నది ఆవిడే. పిల్ల పక్కన కూర్చుని అవ్వను లేపుతోంది. అవ్వ లేవలేదు.

ఇది రాసి మళ్ళీ లేచి తిరిగి వచ్చాను. ఆ పొద్దున నేనేం చేశానో కూడా చెప్పాలి. పిల్లకు ముందుగా గంజి పోయించాను, ఎందుకంటే వరస ప్రకారం ఆ చోటు వాళ్ళది. అవ్వను పక్కకు తీయించాను. మిగతావాళ్ళను వరస ప్రకారమే పంపాను. రూలు తప్పలేదు.

గంగాళాలు అడుగంటాక వాకిలి మూయబోతుంటే, వరస చివర అయ్యవారు నిలబడి ఉన్నాడు. ఊళ్ళో గౌరవంగా బతికిన మనిషి, గంజి వరసలో. జనం చూస్తున్నారు.

"అయ్యవారూ, మీరేంది ఇక్కడ? ముంత కూడా తేలేదే?"

"ముంత దేనికి? ఆఖరున వచ్చినోడికి ఏం పెడతారో నాకు తెల్దా?" అని ఆయన కుడి అరచెయ్యి చాపాడు. "ఊఁ. నా ముందర ఎంతమంది వచ్చినారో లెక్కేసుకో. అన్ని దెబ్బలూ కొట్టు."

చేతిలో బెత్తం వైపు చూసుకున్నాను. అప్పటిదాకా, ఒట్టేసి చెబుతున్నాను, ఆ రూలు నాకు ఎక్కడిదో తెలియదు. "ఇది దొర పెట్టిన రూలండీ" అన్నాను.

"కాగితం చూపించు."

సంచిలోంచి తీసి ఇచ్చాను. ఆయన ఎండలో నిలబడి రెండు వైపులా చదివాడు. మళ్ళీ నా చేతికిచ్చి చదవమన్నాడు. ఆకలిగొన్నవారికి గంజి పోయించవలెను అని ఉంది. శుభ్రం గురించి ఉంది, కొలత గురించి ఉంది. ఎవరికి ముందు ఎవరికి వెనక అన్నది ఎక్కడా లేదు. ఒక్క ముక్క లేదు. ఆ కాగితాన్ని నేను అంతకుముందు పదిసార్లు చదివాను, లేనిదాన్ని ఉన్నట్టే చదివాను.

"మరి ఎవురు పెట్టినారురా?" అన్నాడు. ఆయన చాపిన చెయ్యి అలాగే ఉంది. మెల్లగా దాన్ని తన వైపు తిప్పుకుని, మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు. చెవి లాక్కోవడం కూడా మరిచిపోయాడు.

"నేనేరా" అన్నాడు. "ముప్పై ఏళ్ళుగా రాజుల్ని అడిగినాను, దొరల్ని అడిగినాను, దేవుణ్ణి కూడా అడిగినాను. నా చేతిలో బెత్తాన్ని అడగలేదు. మా అయ్యవారు కొట్టినారు, నేను కొట్టినాను." ఆయన కళ్ళలో నీళ్ళు వచ్చాయి, తుడుచుకోలేదు. "రేపట్నించి వాకిలి మూసే ముందర, ఆఖరున వచ్చినోణ్ణి ఒక మాట అడుగు. నీ వెనక ఇంకెవురన్నా వస్తా ఉండారా అని. అది తెలవకుండా మూయొద్దు" అన్నాడు.

మర్నాడు పద్ధతి తిరగేశాం. దూరంనించి నడిచి వచ్చినవాళ్ళకు ముందు. దూరం ఎలా తెలుస్తుంది? కాళ్ళ దుమ్ము చూసి. మోకాళ్ళదాకా దుమ్ముంటే ముందుకు పంపాం. ఒక్క రోజు బ్రహ్మాండంగా నడిచింది. రెండో రోజు పొద్దున చూస్తే ఉదయగిరి ఊరంతా మోకాళ్ళదాకా దుమ్ము పూసుకుని నిలబడి ఉంది. దొడ్డి పక్క ఇంటి ముసలాయన నడుందాకా పూసుకున్నాడు. ఆ కరువంతటిలో అయ్యవారు నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే. "రూలు పుట్టి ఇంకా కళ్ళు తెరవలా, అప్పుడే దానికి వేషం కుట్టేసినారు!" అని చెవి పట్టుకుని నవ్వాడు. నేను వాళ్ళను దొంగలని తిట్టబోతే ఆపాడు. "దొంగలు కాదురా, ఆకలి. ఆకలిగొన్నోణ్ణి పట్టుకుని నీతి అడిగే ముందర నీ పద్ధతిని అడుగు."

ఆ రోజు ఆయన వరసలోని వాళ్ళనే కూర్చోబెట్టి అడిగాడు, మీరైతే ఎట్లా పంచుతారని. మధ్యాహ్నందాకా అరుచుకున్నారు. చివరికి చెరువు నీళ్ళకు వంతులు వేసుకున్నట్టు పల్లెలకు వంతులు వేసుకున్నారు. ఇవాళ ఒక పల్లె ముందు, రేపు ఇంకొకటి. దూరంనించి వచ్చేవాళ్ళ కోసం ఒక గంగాళం మూత వేసి పక్కన పెట్టాలి, దాని కాపలా ఊరివాళ్ళదే. అంతా చక్కబడిందని చెప్పను. మూత వేసిన గంగాళం దగ్గర రెండుసార్లు కొట్టుకున్నారు. కానీ ఆ తరవాత నేనున్నంత కాలం కంచె పక్కన ఎవరూ చావలేదు.

కొన్నాళ్ళకు పెద్ద దొర వచ్చాడు. అవ్వ సంగతి ఎవరో అర్జీ పెట్టారు. ముందొచ్చినవారికే పోయాలన్న పద్ధతి ఎవరు పెట్టారని దుబాసీ చేత అడిగించాడు. నేను నా పాదాల వైపు చూశాను. పెళ్ళాం, పిల్లలు, ఉద్యోగం, అన్నీ ఆ పాదాల దగ్గరే కనపడ్డాయి. ఎంతసేపు చూశానో తెలియదు.

"ఆ పద్ధతి నా బళ్ళోది దొరగారూ, నేనే నేర్పినాను" అని అయ్యవారి గొంతు వినపడింది.

నేను తల ఎత్తలేదు. ఒక్క మాట చాలు, "వాకిలి దగ్గర ఉన్నది నేను" అంటే చాలు. అనలేదు. దొర ఆయన్ను ఇక దొడ్డిలో అడుగు పెట్టవద్దన్నాడు. పరీక్షలు పెట్టి డబ్బిచ్చే సర్కారు పట్టీలోంచి ఆ బడి పేరు కొట్టేశారు. ఊళ్ళోవాళ్ళకు ఇంకేం కావాలి? అయ్యవారి రూలే అవ్వను చంపిందని చెప్పుకున్నారు. పిల్లల్ని మాన్పించారు. నాకు మాత్రం పని బాగా చేశానని ఆత్మకూరులో పేరొచ్చింది.

ఉండబట్టలేక ఒకసారి వెళ్ళి అడిగాను, ఎందుకలా చెప్పారని.

"అబద్ధం కాదు గదా. సగం నాదే."

"మిగతా సగం?"

"అది నీ దగ్గిరుండాది. ఎప్పుడు చెప్తావో, ఎవురికి చెప్తావో నీ ఇష్టం. నాకు చెప్పొద్దు, నాకు తెలుసు." అని ఆయన మళ్ళీ ఇసక తొక్కుకుంటూ నడిచాడు. ఆ తరవాత ఆ సంగతి ఎత్తలేదు. తిట్టి ఉంటే నేను తేరుకునేవాణ్ణి. చాలాసార్లు పోయాను ఉదయగిరికి, ప్రతిసారీ చెప్పాలనే పోయాను. అమ్మగారి చేతి చారు తాగి తిరిగి వచ్చాను.

కరువు తగ్గాక బడి మళ్ళీ తెరిచాడు. నలుగురైదుగురు పిల్లలు వచ్చారు, ఆ తరవాత కొంచెం కొంచెంగా పెరిగారు. బెత్తాన్ని అమ్మగారికి ఇచ్చేశాడు, ఆవిడ దాన్ని పొయ్యి ఊదే గొట్టం పక్కన పెట్టి మరిచిపోయింది. శ్రీ లేదు, చుక్క లేదు. ఊరి పిల్లలే గోల పెట్టారు: "మేం ముందొచ్చినాం, శ్రీ రాయండి అయ్యవారూ!" ఆయన రాయలేదు. దానికి బదులు కొత్తగా ఒకటి మొదలుపెట్టాడు. అందరూ వచ్చేదాకా పాఠం మొదలుపెట్టడు. అవ్వ మనవరాలు కొండపల్లెలో మేనమామ ఇంట్లో ఉండేది, ఆ పిల్లను కూడా బళ్ళో చేర్చుకున్నాడు. ఆడపిల్లకు చదువెందుకన్నారు. ఎవరు వద్దన్నారని ఎదురడిగాడు. ఆ పిల్ల అందరికన్నా ఆఖరున వచ్చేది. ఆయన పాక ముందు దారిలో పచార్లు చేస్తూ ఉండేవాడు. ఆ పిల్ల రాగానే, రోజూ అదే ప్రశ్న.

"నీ వెనక ఇంకెవురన్నా వస్తా ఉండారా?"

"లేదు అయ్యవారూ, నేనే ఆఖరు."

"సరే, పద."

నేను ఒకసారి వాదించాను, ఇలా అయితే పొద్దునే వచ్చినవాళ్ళ పొద్దంతా వృథా కాదా, ఇది మాత్రం న్యాయమా అని. ఆయన ఒప్పుకున్నాడు. "కాదేమోరా. నాకూ అనుమానమే. ఇంకో పదేళ్ళకు ఎవడో వచ్చి దీన్ని కూడా అడగాల. అడిగేవోణ్ణి తయారుచేసి పోతే చాలు." ఆయనకు తృప్తి లేదు, ఆ తృప్తి లేకపోవడమే ఆయన మాకు ఇచ్చిపోయింది. నాకు అది అందింది గాని, ధైర్యం అందలేదు.

బండి కట్టించుకుని ఉదయగిరి చేరేసరికి అన్నీ అయిపోయాయి. చితిలో నిప్పు కూడా చల్లారింది. అమ్మగారు గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి, "ఆలస్యమైందా నాయనా" అంది. పోయిన రోజు పొద్దున ఆయన దారిలో తిరిగి తిరిగి, అలసటగా ఉందని పాక ముందు అరుగు మీద కూర్చున్నాడట. ఆయన కూర్చోవడం చూసి పిల్లలు ఆశ్చర్యపోయారట. అంతే. అమ్మగారి దగ్గర మొత్తం చెప్పేశాను, వాకిలి సంగతీ, దొర అడిగినప్పుడు నా నోరు పడిపోయిన సంగతీ. ఆవిడ అంతా విని, "నాకెందుకు చెప్తా ఉండావు? ఆ పిల్లకు చెప్పు. బళ్ళో ఉండాది" అంది.

బళ్ళోనా? రావద్దని పిల్లలకు ఎవరూ చెప్పలేదు, అందుకని వచ్చారు. వెళ్ళి చూస్తే పాకలో అందరూ ఇసక ముందు వరసలుగా కూర్చుని ఉన్నారు. ఇసక సాపుగా ఉంది, ఒక్క అక్షరం లేదు, తొక్కిన అడుగు లేదు. ఎవరూ మాట్లాడడం లేదు. ఆ పిల్ల వాకిట్లో నిలబడి ఉంది. నన్ను గుర్తుపట్టింది. నా చేతుల వైపు చూసింది, బెత్తం ఉందేమోనని కాబోలు.

చెప్పాను. "మీ అవ్వను తిప్పి పంపింది నేనమ్మా. ఆ రూలు నాది. అయ్యవారిది కాదు." గట్టిగానే చెప్పాను, లోపలి పిల్లలకు వినపడాలని. వాళ్ళు ఊళ్ళో చెప్పాలని.

"నాకు తెలుసు. నేను ఆడే ఉండాను గదా" అంది ఆ పిల్ల.

ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో ఉంటాయి. రెండేళ్ళుగా తెలుసు. ఆయన ఎవరికీ చెప్పొద్దన్నాడో, తనే చెప్పలేదో, అడిగే మొహం నాకు లేదు. ఆ పిల్ల కొంచెం పక్కకు జరిగి లోపలికి దారి ఇచ్చింది. ఇచ్చి, నా భుజం మీదుగా సీతారామపురం దారికేసి చూస్తూ అడిగింది.

"నీ వెనక ఇంకెవురన్నా వస్తా ఉండారా?"

నేను వెనక్కి తిరిగి చూశాను. దారి పొడుగునా ఎండ పడుతోంది. దూరంగా, కొండ మలుపు దగ్గర, కొంచెం దుమ్ము లేచినట్టే ఉంది.